పిందె దశలో పెరటి చెట్లకు నీరు ఎప్పుడు, ఎంత? నెల్లూరు, ప్రకాశం వారి అనుభవాలు (చర్చ)

కావలి పెరటితోట:
మా ఇంటి వెనుక ఒక బంగినపల్లి మామిడి, రెండు నిమ్మ, ఒక సపోటా ఉన్నాయి. జనవరిలో మామిడి విరగబూసింది. ఇప్పుడు గోలీలంత పిందెలు దిగాయి గానీ, రోజూ ఉదయం ఊడ్చేటప్పుడు చేటెడు రాలి కనిపిస్తున్నాయి. మా బోరు నీరు కొంచెం ఉప్పగా ఉంటుంది. మాఘ, ఫాల్గుణ మాసాల్లో మీరు మీ చెట్లకు ఏమేమి చేస్తారో, ముఖ్యంగా నీరు ఎప్పుడు మొదలుపెడతారో దయచేసి వివరంగా తెలియజేయగలరు.

ఉలవపాడు మామిడి:
పిందె రాలడం చూసి కంగారు పడకండి. ఒక్కో పూగుత్తిలో వందలాది పువ్వులున్నా వాటిలో ఎక్కువ భాగం మగపువ్వులే కాబట్టి, చివరికి గుత్తికి ఒకటో రెండో కాయలు నిలిచినా అది మంచి కాపు కిందే లెక్క. ఇక నీటి సంగతి. ఈశాన్య రుతుపవనాల వానలు మన వైపు డిసెంబరు దాకా పడతాయి గనుక పూత సమయానికి నేల లోపల తేమ మిగిలే ఉంటుంది. అప్పుడు నీరు పెడితే చెట్టు పూతకు బదులు చివురు వేస్తుంది. అందుచేత పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా మేము తడి ఇవ్వము. ఆ తరువాత కూడా మొదటి తడి పలుచగా ఇచ్చి, వారం పది రోజులకొకసారి చొప్పున కొనసాగించి, కోతకు రెండు వారాల ముందు ఆపివేస్తాము. పాదు మొదట్లో కాకుండా కొమ్మల నీడ పడే అంచున తీయాలి, ఎందుకంటే నీరు పీల్చే వేళ్లు అక్కడే ఉంటాయి. రాలుడు మరీ ఎక్కువగా ఉంటే ప్లానోఫిక్స్ (పిందె రాలడాన్ని తగ్గించే హార్మోను మందు) 1 మి.లీ. 4.5 లీటర్ల నీటిలో కలిపి పిచికారీ చేయవచ్చు.

కొత్తపట్నం తీరం:
ఉలవపాడు వారి మాటకు నాది చిన్న అభ్యంతరం. తియ్యటి నీరున్న చోట పలుచని తడి సరిపోతుంది గానీ, ఉప్పునీటితో పైపైన తడుపుతూ పోతే నీరు ఆవిరై ఉప్పు మాత్రం వేళ్ల దగ్గరే పేరుకుంటుంది. ఆకుల చివర్లు మాడడం దాని మొదటి గుర్తు. మా వంటి తీర గ్రామాల్లో తడికీ తడికీ మధ్య వ్యవధి పెంచి, పెట్టినప్పుడు మాత్రం ఉప్పు లోతుకు దిగేలా నిండుగా పెట్టడమే మేలు. ఉప్పును సపోటా బాగా తట్టుకుంటుంది, మామిడి, నిమ్మ తట్టుకోలేవు. కాబట్టి బోరు నీటిని సపోటాకు వదలి, కుళాయి నీటిని మిగతా రెండింటికీ కేటాయించండి. పాదులో వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ మందంగా పరిస్తే తడి నిలుస్తుంది, అయితే అది మొదలుకు తగలకుండా జానెడు దూరం వదలాలి.

ఉలవపాడు మామిడి:
మీరన్నది సబబే. పలుచగా ఇమ్మన్నది మొదటి తడి ఒక్కదానికే. ఎండిన నేలకు ఒక్కసారిగా నిండా పెడితే రాలుడు పెరుగుతుందని నా ఉద్దేశం.

పొదలకూరు నిమ్మ:
వేసవిలో మా మార్కెట్టులో నిమ్మ ధర ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు గనుక, పెరట్లో ఒక్క చెట్టు ఉన్నా దాన్ని ఈ నెలల్లో కనిపెట్టి ఉండాలి. ఎండుపుల్లలు కత్తిరించి, కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. లేత చివురు మీద పాము పాకినట్టు తెల్లని గీతలు కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె కొంచెం సబ్బు నీటితో కలిపి సాయంత్రం కొట్టండి. పిట్ట రెట్టలా కనిపించే పురుగులు నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు. ఇవి కరివేపాకును కూడా తింటాయి కాబట్టి, మేము వాటిని చంపకుండా ఏరి, బాగా ముదిరిన కరివేపాకు చెట్టు మీదికి మారుస్తాము. కొన్నాళ్లకు అవి రెక్కలు విప్పుకొని పెరడంతా తిరుగుతుంటే మా ఇంట్లో పిల్లలు బడికి వెళ్లడం కూడా మరచిపోతారు. నిమ్మపూత వాసన కోసం సాయంత్రం మంచాలు ఆ చెట్టు పక్కకే లాక్కునేవాళ్లం మేము.

మార్కాపురం మెట్ట:
ఒక హెచ్చరిక. మామిడి పూత మీద తెల్లని పొడిలా కమ్ముకునే బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టమని అందరూ చెబుతారు. అది జనవరి, ఫిబ్రవరి చలి రాత్రులలో పనికివచ్చే సలహా. మార్చిలో మా పడమటి ఎండలకు అదే మందు ఆకును మాడుస్తుంది. పూత విచ్చుకున్నప్పుడు ఏ మందూ కొట్టకపోవడమే మంచిది, ఈగలూ తేనెటీగలూ తిరిగితేనే కదా పిందె కట్టేది. సీతాఫలం ఇప్పుడు ఆకు రాల్చి మోడులా నిలబడుతుంది. ఎండిపోయిందని నరకవద్దు, కొత్త చివురుతో పాటే దాని పూత వస్తుంది.

కావలి పెరటితోట:
అందరికీ ధన్యవాదాలు. ఉగాది పచ్చడికి మా చెట్టు కాయే వేయాలని అమ్మ పట్టుదల, అందుకని కింది కొమ్మల్లో నాలుగు గుత్తులు ఉడతలకు అందకుండా కాగితపు సంచులు తొడిగాను. రాలినవాటిని ఏమి చేయాలి? సపోటా ముదిరిందని ఎలా తెలుస్తుంది?

ఉలవపాడు మామిడి:
సపోటా కాయను గోటితో సన్నగా గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఆగండి, పసుపు రంగు కనిపిస్తే కోయండి. పైనున్న గోధుమరంగు పొట్టు చేత్తో రుద్దితే రాలిపోవడం కూడా గుర్తే. రాలిన మామిడి పిందెల్లో రంధ్రాలున్నవాటిని గుంట తీసి పూడ్చండి, పాదులో వదిలితే పురుగు మళ్లీ చెట్టుకే ఎక్కుతుంది. నిమ్మకాయంత పెరిగి శుభ్రంగా ఉన్నవి పప్పులోకి బాగుంటాయి.