పాపకు సీబీడీ నూనె వాడొచ్చా? విశాఖలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

నమస్కారమండి. మాది గాజువాక. మా చెల్లెలి కూతురికి ఏడేళ్లు, లెనాక్స్-గాస్టో సిండ్రోమ్ అనే మొండి మూర్ఛ జబ్బు. వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ అనే ఫిట్స్ మందులు రెండూ వాడుతున్నా రోజుకు నాలుగైదు సార్లు ఫిట్స్ వస్తున్నాయి. ఎప్పుడు పడిపోతుందోనని చెల్లి దిండు పట్టుకుని పిల్ల వెనకాలే తిరుగుతుంది. చూడలేకపోతున్నామండి.

గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీతో చేసిన ఎపిడియోలెక్స్ అనే మందుకు సరిగ్గా ఈ జబ్బుకే 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అదే మొక్కలో మత్తెక్కించేది టీహెచ్‌సీ, సీబీడీ వేరు. ఇంట్లో ఈ మాట ఎత్తగానే నాన్న మండిపడ్డారు. "ఏజెన్సీలో గంజాయి పట్టివేత అని రోజూ పేపర్లో చదువుతూ పసిదానికి అదే పోస్తారా?" అన్నారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది.

మత్తు పదార్థాలపై 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలే. విడి ఆకులు అందులోకి రావు. అందుకే ఆయుర్వేదంలో 'విజయ' (గంజాయి మొక్కకు అక్కడి పేరు) ఆకు మందులు అమ్ముతున్నారు. కానీ ఆ సీసాలో సీబీడీ ఎంత, టీహెచ్‌సీ ఎంత అన్నది ఎలా నమ్మాలి?

ఇంకో దిగులు. సీబీడీతో క్లోబజామ్ కలిస్తే మగత పెరుగుతుందని, వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే లివర్ ఎంజైములు పెరగొచ్చని చదివాను. మీ పిల్లలకు వాడినవాళ్లుంటే రక్త పరీక్షలు ఎన్నాళ్లకోసారి చేయించారు? విశాఖలో దీని గురించి కసురుకోకుండా మాట్లాడే పిల్లల న్యూరాలజిస్టు ఎవరైనా ఉన్నారా? డాక్టర్ సరేననేదాకా పాపకు చుక్క కూడా వెయ్యం.