బరువు తగ్గాలంటే అన్నం మానాల్సిందేనా?

ఎంవీపీ_వాకర్:
పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచే మా బ్యాచ్‌లో సగం మంది అన్నం మానేశారు. పొట్టకీ షుగర్‌కీ కార్బోహైడ్రేట్లే కారణం, మిగతావన్నీ సాకులంటారు. నాకూ అదే నిజమనిపిస్తోంది. మా బావగారు మొదటి వారంలోనే బాగా తగ్గారు. కాదనేవాళ్లుంటే చెప్పండి.

గాజువాక_నైట్‌షిఫ్ట్:
నేను కాదంటాను. మొదటి వారం పోయేది చాలావరకు నీరండీ. కాలేయం, కండరాలు గ్లైకోజెన్‌గా దాచుకున్న పిండిపదార్థం ఒక్కో గ్రాముకి సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే నీరూ పోతుంది. కొవ్వు కరిగిపోయిందని అప్పుడే సంబరపడితే ఎలా?

2018లో వచ్చిన అమెరికా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ అధ్యయనంలో 609 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు కొవ్వు తగ్గించింది, రెండోది పిండిపదార్థాలు తగ్గించింది. ఏడాదికి మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గాయి. ఆ తేడా పట్టించుకోదగ్గది కాదని తేల్చింది కూడా వాళ్లే. ఇద్దరినీ చక్కెర, మైదా వీలైనంత తగ్గించమన్నారు. అసలు కిటుకు అక్కడుందని నా అనుమానం.

ఎంవీపీ_వాకర్:
స్టాన్‌ఫర్డ్ వాళ్లు మనలా తింటారా సార్? పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్, రాత్రి చపాతీ. పేర్లే వేరు, అంతా పిండే.

సీతమ్మధార_అమ్మమ్మ:
ఆ మాట నిజమే బాబూ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి రోజు కేలరీల్లో 45 శాతం దాటొద్దంది. మనవాళ్లు 50 నుంచి 70 శాతం దాకా వాటి నుంచే లాగుతున్నారట. అందుకే తగ్గించమంది గానీ మానమనలేదుగా! మా ఇంట్లో రెండు గరిటెల అన్నం, దానికి రెట్టింపు కూర, గట్టిపప్పు. రైతు బజారుకి వెళ్లొస్తూ కానాగంత చేపలు దొరికితే ఆ రోజు పులుసు. అన్నం మానేసి రాత్రి పదింటికి జీడిపప్పు డబ్బా ఖాళీ చేసేవాళ్లని చాలామందినే చూశాను.

అనకాపల్లి_రైతుబిడ్డ:
మరి మా చోళ్లు, అదే రాగులు? అంబలి తాగితే తగ్గుతారా?

గాజువాక_నైట్‌షిఫ్ట్:
100 గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాముల దాకా ఉంటుంది, తెల్ల బియ్యంలో 3 లోపే. అక్కడ రాగులదే పైచేయి. కానీ పిండిపదార్థం రాగుల్లోనూ 67 గ్రాముల దాకా ఉంటుంది. ఆరోగ్యమని రెండు ముద్దలు ఎక్కువ లాగిస్తే అన్నం తిన్నట్టే.

ఇంకో మాట, వాకర్ గారూ. మీ బావగారికి షుగర్ ఉందా? గ్లిమెపిరైడ్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ ఉన్నట్టుండి అన్నం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులైతే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకుపోవడం) భయం ఉంది. డాక్టరుతో మాట్లాడి మందుల డోసు చూసుకోకుండా ఆ ప్రయోగం వద్దు.

ఎంవీపీ_వాకర్:
ఉంది. ఏం వాడుతున్నారో ఈ రాత్రికే ఫోన్ చేసి అడుగుతా. అన్నం సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.