లోపాలున్న గేమ్‌ను సర్టిఫికేషన్‌లో పాస్ చేసే ఆఖరి సంతకం ఎవరిది?

సీడీ ప్రాజెక్ట్ సంస్థ తీసిన వీడియో గేమ్ సైబర్‌పంక్ 2077 లాంచ్ విషయంలో ఒక్క ముడి విప్పలేకపోతున్నాను. 2020 ఏప్రిల్ 16న రావాల్సిన గేమ్ మూడుసార్లు వాయిదా పడి డిసెంబర్ 10న వచ్చింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన ఆన్‌లైన్ స్టోర్ నుంచి తీసేసింది.

సోనీ పాత కన్సోల్ పీఎస్4 మీద తీసిన అప్పటి వీడియోలు మళ్ళీ చూశాను. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా ముఖం కాసేపు మైనపుముద్దలాగే ఉంటుంది, తర్వాతగానీ కళ్ళూ ముక్కూ తేలవు. సీడీ ప్రాజెక్ట్ సహ వ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ 2021 జనవరిలో పెట్టిన వీడియో కూడా విన్నాను. ఈ సమస్యల్లో చాలావరకు టెస్టింగ్‌లో బయటపడలేదన్నారు. టీమ్‌ను తప్పుపట్టొద్దు, విడుదల నిర్ణయం పైవాళ్ళదేనన్నారు. రెండో మాట నచ్చింది, మొదటిది మాత్రం మింగుడుపడలేదు.

నాకు ఎక్కడా దొరకనిది సర్టిఫికేషన్ సంగతి. కన్సోల్‌లు తయారుచేసే సోనీ, మైక్రోసాఫ్ట్ పెట్టే ఆ పరీక్ష దాటందే గేమ్ వాళ్ళ స్టోర్‌లోకి రాదు కదా. విడుదల నాటికి తాము సరిచేస్తామని నమ్మే వాళ్ళు పాస్ చేసి ఉంటారని 2020 డిసెంబర్‌లో సీడీ ప్రాజెక్టే ఇన్వెస్టర్లకు చెప్పింది.

కన్సోల్ గేమ్‌ల టెస్టింగ్‌లోగానీ సర్టిఫికేషన్‌లోగానీ పనిచేసినవాళ్ళు చెప్పండి: తెలిసిన లోపాలున్నా, వాటిని సరిచేసే అప్‌డేట్ (ప్యాచ్) తర్వాత ఇస్తామన్న హామీ మీద గేమ్‌ను పాస్ చేయాలంటే, ఆ ఆఖరి నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది?