ఆడ జీవి ఒంటరిగా పిల్లల్ని కనగలిగినప్పుడు మగ దేనికి? “వైవిధ్యం కోసం” అన్న జవాబు నాకు చాలడం లేదు

ఒంటరి_లెక్క (చర్చ మొదలుపెట్టినవారు)

లైంగిక ప్రత్యుత్పత్తి ఎందుకు అని అడిగితే బడి పుస్తకం నుంచి పోటీపరీక్షల గైడు దాకా ఒకటే పాట: “వైవిధ్యం కోసం”. 19వ శతాబ్దం చివర్లో ఆగస్ట్ వైజ్‌మన్ చెప్పిన మాటను ఇప్పటికీ అప్పజెబుతున్నాం. నాకు మాత్రం లెక్క తేలడం లేదు.

ఒక జాతిలో 5 లక్షల ఆడవి, 5 లక్షల మగవి ఉన్నాయనుకోండి. వాటిలో ఒక్క ఆడదానికి మగతో పని లేకుండా అచ్చం తనలాంటి కూతుళ్ళనే కనే గుణం పుట్టింది. మిగతా వాటి సంతానంలో సగం కొడుకులు. ఆ కొడుకులు గుడ్లు పెట్టరు, చాలా జాతుల్లో పిల్లల్ని సాకరు కూడా. దీని సంతానమంతా కూతుళ్ళే కాబట్టి, మిగతావాటితో పోలిస్తే దీని వంశం తరతరానికీ రెట్టింపవుతుంది. ఒకటిని 20 సార్లు రెట్టింపు చేసి చూడండి, 10 లక్షలు దాటుతుంది. అంటే 20 తరాలకల్లా ఆ ఒక్కదాని వంశమే సగం జనాభా. జాన్ మేనార్డ్ స్మిత్ 1970లలో ఎత్తిచూపిన “రెట్టింపు ఖర్చు” ఇదే.

జత కోసం వెతుకులాట, ఆ సందులో వేటాడే జంతువు నోట పడటం, కలయికతో అంటుకునే రోగాలు అదనం. అన్నిటికంటే నాకు మింగుడుపడనిది ఇంకోటి ఉంది. రమ్మీలో చేతికి సీక్వెన్సులన్నీ పడ్డాక, “ముక్కలు మళ్ళీ కలిపి పంచుదాం” అంటే ఎవరైనా ఒప్పుకుంటారా? బతికి బట్టకట్టి పెద్దదైన ప్రతి జీవి చేతిలోనూ ఆడిన ముక్కలే ఉన్నాయి. వాటిని విడగొట్టి అర్ధభాగం పారేసి, ఇంకొకరి అర్ధభాగంతో కలపడం ఏం తెలివి?

రేపటికి పనికొస్తుందని మాత్రం అనకండి. ప్రకృతి వరణానికి రేపు అన్నది లేదు.

రాణిగారి_బంటు

రేపటి దాకా అక్కర్లేదండీ, ఈ తరంలోనే జవాబుంది: పరాన్నజీవులు.

పరాన్నజీవి తరం మన తరం కంటే చాలా చిన్నది. అది తాళం తీయడం నేర్చుకునేది ఎక్కువమందికి ఉన్న తాళం మీదే. మీ క్లోన్ వంశం 20 తరాల్లో సగం జనాభా అయిందంటే, సగం ఇళ్ళకు ఒకటే తాళంకప్ప అన్నమాట. లైంగికంగా పుట్టిన పిల్లలకు తాళం తరతరానికీ మారుతుంది. ఉన్నచోట ఉండటానికే పరుగెత్తుతూ ఉండాలన్న ఈ ఆలోచనకు లీ వాన్ వాలెన్ 1973లో “ఎర్రరాణి” అని పేరు పెట్టాడు. దాన్ని రోగాలకూ సెక్స్‌కూ ముడిపెట్టి గట్టిగా వాదించినవాడు డబ్ల్యూ. డి. హామిల్టన్, 1980లో.

ఉత్త సిద్ధాంతమే కాదు. న్యూజిలాండ్ సరస్సుల్లో ఒక చిన్న మంచినీటి నత్త ఉంది. అందులో మగతో జతకట్టేవీ ఉన్నాయి, క్లోన్లూ ఉన్నాయి, పక్కపక్కనే. దాన్ని ఒక చదునుపురుగు పట్టి పునరుత్పత్తి అవయవాలనే తినేస్తుంది, నత్త గొడ్డుబోతుంది. ఆ పురుగు తన జీవితచక్రం ముగించుకునేది ఒడ్డున మేసే బాతుల పొట్టలో. అందుకే లోతు తక్కువ నీళ్ళలో పురుగు ఎక్కువ, లోతుల్లో తక్కువ. కర్టిస్ లైవ్లీ బృందం ఏళ్ళ తరబడి చూసింది ఏమిటంటే, పురుగు ఎక్కువున్న చోట లైంగిక నత్తలు ఎక్కువ, లోతుల్లో క్లోన్లు ఎక్కువ. మొదట్లో బాగా పెరిగిపోయిన క్లోన్లే తర్వాత ఎక్కువగా పురుగు పట్టి తగ్గిపోయాయి. మీ 20 తరాల లెక్కకు అడ్డం పడింది ఇదే.

ఇంకోటి: 2011లో సి. ఎలిగన్స్ అనే నులిపురుగుల్ని సెరేషియా బ్యాక్టీరియాతో కలిపి పెంచారు. తమతో తామే ఫలదీకరణ చేసుకునే పురుగులు, తమతోపాటు మారుతూ వచ్చే బ్యాక్టీరియా చేతిలో 20 తరాల్లోపే తుడిచిపెట్టుకుపోయాయి. మగతో కలిసే గుంపులు నిలిచాయి.

చెత్తబుట్ట

బంటు గారు, ఆ నులిపురుగుల ప్రయోగాన్ని అందరూ ఇలాగే వాడేస్తున్నారు. స్వీయఫలదీకరణ అంటే క్లోనింగ్ కాదండీ! అందులోనూ క్షయకరణ విభజన (క్రోమోజోములు సగానికి తగ్గే కణవిభజన) ఉంది, అండం ఉంది, శుక్రకణం ఉంది. కాకపోతే రెండూ ఒకే ఒంట్లోవి. అది పరాయి సంకరానికీ స్వీయఫలదీకరణకూ పోటీ, సెక్స్‌కూ క్లోన్‌కూ పోటీ కాదు. నత్తల సాక్ష్యం గట్టిదే, ఒప్పుకుంటా. కానీ ప్రతి జాతి మీదా అంత క్రూరమైన పరాన్నజీవి కూర్చుని ఉండాలిగా? మామూలు జ్వరంలాంటిది వచ్చిపోతే రెట్టింపు ఖర్చు పూడదు.

నా ఓటు చెత్త ఏరివేతకే. మనిషి బిడ్డ ఒక్కొక్కరూ తల్లిదండ్రుల్లో లేని కొత్త ఉత్పరివర్తనలు (డీఎన్ఏలో మార్పులు) 60, 70 దాకా మోసుకొస్తారు. చాలావాటివల్ల నష్టం లేదు, కొన్నిటివల్ల ఉంది. క్లోన్ వంశంలో ఒకసారి పడిన మచ్చ పోయే దారి దాదాపు లేదు. తల్లికి ఉన్నవన్నీ కూతురికి, వాటి మీద ఇంకొకటి. అతి తక్కువ మచ్చలున్న ఆడది ఏ పిడుగుపాటుకో పోతే ఆ శుభ్రమైన ప్రతి ఇక తిరిగిరాదు. పళ్ళచక్రం ఒకవైపే తిరిగినట్టు. హెర్మన్ ముల్లర్ 1964లో వివరించాడు, “ముల్లర్ రాచెట్” అంటారు. లైంగిక జీవుల్లో మాత్రం ఇద్దరి మచ్చలూ కలిసి కొందరు పిల్లలకు ఎక్కువ పడతాయి, కొందరికి తక్కువ. ఎక్కువ పడినవి పోతే మచ్చలూ వాటితోపాటే పోతాయి. ఒంటరి_లెక్క గారి రమ్మీలో చెత్త ముక్కలు పారేయడం లేదా ఏమిటి?

ఎక్కడో వెతకక్కర్లేదు, మగవాళ్ళ వై క్రోమోజోమే చూడండి. ఒకప్పుడు అదీ ఎక్స్‌కు సరిజోడే. దానితో క్రాసింగ్ ఓవర్, అంటే ముక్కల మార్పిడి, ఆగిపోయాక (కొసల్లో తప్ప) జన్యువులు ఒక్కొక్కటే చెడి రాలిపోయాయి. ఇవాళ ఎక్స్‌లో 800 పైచిలుకు ప్రోటీన్ జన్యువులుంటే వైలో వందకు కాస్త అటూఇటూ. వాటిలోనూ చాలావరకు ఒకే జన్యువుకు నకళ్ళు. ఆ మిగిలినవి నిలవడానికి కూడా వై ఒక ఉపాయం చేసింది: అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురు నకళ్ళు పెట్టుకుని, తనలో తానే మడతపడి ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని దిద్దుకుంటుంది. జోడు పోయినవాడు తనతో తనే మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది నాకు.

ఒంటరి_లెక్క

వై ఉదాహరణ అదిరింది. కానీ చెత్తబుట్ట గారు, అది కోట్ల ఏళ్ళ కథ. నా క్లోన్ గెలిచేది 20 తరాల్లో. ఎప్పుడో వంశం కుళ్ళిపోతుందన్న భయం ఇవాళ దాన్ని ఎలా ఆపుతుంది? ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టుంది.

నాచు_మీద

మీ ఇద్దరి సిద్ధాంతాలకూ గండి కొట్టే ప్రాణి ఒకటుంది. గోడమీద ఎండి పొరలు లేచిన నాచు చిటికెడు తెచ్చి నీళ్ళలో నానబెట్టండి. కొన్ని గంటలాగి చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టండి. జలగలా తల ఒకచోట, తోక ఒకచోట ఆనించి సాగుతూ ముడుచుకుంటూ నడిచేది కనిపిస్తుంది. కాసేపటికి తోక కింద అతికించుకుని నిలబడి, తలమీద రెండు చక్రాలు తెరుస్తుంది. నిజానికి అవి చక్రాలు కావు, వరసగా ఊగే నూగు. తిరుగుతున్నట్టు కంటిని మోసం చేస్తాయి. బెల్లాయిడ్ రోటిఫర్ అంటారు. 400కు పైగా జాతులు. మూడు శతాబ్దాలుగా సూక్ష్మదర్శినుల కింద చూస్తున్నా ఇంతవరకు ఒక్క మగ దొరకలేదు. కోట్ల ఏళ్ళుగా ఆడవాళ్ళ రాజ్యమే. మేనార్డ్ స్మిత్ వీటిని పరిణామశాస్త్రానికే తలవంపు అన్నాడు, ఊరికే కాదు.

మరి వీటికి పరాన్నజీవులు లేవా? మచ్చలు పడవా?

రాణిగారి_బంటు

ఉన్నాయి. తప్పించుకుంటాయి! వీటిని చంపే బూజు ఉంది, కానీ దానికి తడి కావాలి. రోటిఫర్ మాత్రం ఒట్టి ధూళిలా ఎండిపోయి బతకగలదు. వారాల తరబడి ఎండబెట్టి ఉంచితే బూజు చచ్చి రోటిఫర్ మిగులుతుందని, గాలికి కొట్టుకుపోయి బూజు లేని చోట గుంపు కట్టగలదని 2010లో ప్రయోగం చేసి చూపారు. మిగతావాళ్ళు తాళం మారుస్తారు, ఇది ఇల్లే మారుస్తుంది. నా సిద్ధాంతానికి గండి కాదండీ, గట్టు.

చెత్తబుట్ట

ఎండినప్పుడు దాని డీఎన్ఏ ముక్కలుముక్కలవుతుంది, తడి తగలగానే అతికించుకుంటుంది. ఆ అతుకుల సందులో బ్యాక్టీరియా, బూజుల జన్యువులు కూడా జొరబడ్డాయి. ఒక జాతి జన్యువుల్లో దాదాపు 8 శాతం ఇలా బయటినుంచి వచ్చినవే అంటున్నారు. పైగా కొన్ని జాతుల్లో వేర్వేరు జీవుల మధ్య జన్యు మార్పిడి జరిగిన గుర్తులు ఈమధ్య కనిపించాయి. మగ కనపడనంత మాత్రాన కలయిక లేనట్టు కాదు. దొడ్డిదారిన నడుస్తోందేమో.

నాచు_మీద

“నడుస్తోందేమో” అంటే ఎలా సార్? మన సిద్ధాంతానికి ఇబ్బంది వచ్చిన ప్రతిచోటా కనపడని మగాణ్ణి పెట్టుకుంటామా?

నీటిఈగ

నాలుగేళ్ళుగా సీసాల్లో డాఫ్నియా అనే చిన్న నీటి ఈగల్ని పెంచుతున్నాను. వాదన పక్కనపెట్టి చూసింది చెబుతా. తిండి బాగా ఉండి నీళ్ళు వెచ్చగా ఉన్నంతకాలం అన్నీ ఆడవే. ఒళ్ళు గాజులా ఉంటుంది కాబట్టి వీపు సంచిలో కూతుళ్ళు కదలడం, వాటి నల్లటి కన్ను కూడా కనిపిస్తుంది. సీసా కిక్కిరిసి, తిండి తగ్గి, పగలు కురచైతే అదే తల్లి కొడుకుల్ని కంటుంది. ఆ తర్వాత కొన్ని ఆడవాటి వీపు సంచిలో కూతుళ్ళ బదులు జీనులాంటి నల్లటి పెట్టె తయారవుతుంది. అందులో రెండు గుడ్లు, మగతో కలిస్తేనే నిలిచేవి. సీసా ఎండినా, గడ్డకట్టినా ఆ గుడ్లు బతికే ఉంటాయి.

అంటే ఒంటరి_లెక్క గారూ, రెండు దారులూ చేతిలో ఉన్న జీవి కూడా సెక్స్‌ను వదల్లేదు. కష్టకాలానికి దాచుకుంది. ఒక్క డాఫ్నియానే కాదు, క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలం నత్రజని దొరకకపోతేనే సంయోగబీజాలు తయారుచేస్తుంది. ఇక్కడ సెక్స్‌కు కాపలా పరాన్నజీవీ కాదు, మచ్చలూ కాదు, ఎండను తట్టుకునే ఆ గుడ్డు. సెక్స్ వదిలేస్తే గుడ్డూ పోతుంది, ఆ ఏడాదే వంశం అంతం. రేపటి దాకా ఆగక్కర్లేదు.

నాచు_మీద

కొన్ని డాఫ్నియా పులెక్స్ వంశాలు ఆ నల్లపెట్టె గుడ్లను కూడా మగ లేకుండానే పెడుతున్నాయి. మీ కాపలావాడు నిద్రపోయాడు 🙂

నీటిఈగ

తెలుసు. కానీ జన్యు పరీక్షల్లో అవి పరిణామ లెక్కల్లో నిన్నమొన్నటివని తేలింది. పాత వంశాలు ఏమయ్యాయంటారు?

చెత్తబుట్ట

ఇది నా డబ్బాలో పడింది, థాంక్స్ 🙂

అడుగున_బురద

మీరందరూ ఒకే ప్రశ్న అనుకుని రెండు మూడింటిని కలిపేస్తున్నారు. శీర్షికలో “మగ దేనికి” అని ఉంది. మగ అంటే చిన్న, చురుకైన బీజం వేసేది. క్లామిడోమోనాస్‌లో కలిసే రెండు బీజాలూ దాదాపు ఒకే సైజు. అక్కడ ఆడా లేదు, మగా లేదు, కాబట్టి ఒంటరి_లెక్క గారి రెట్టింపు ఖర్చూ లేదు. స్కిజోఫిల్లం అనే పుట్టగొడుగులో అయితే జతకట్టే రకాలే 20 వేలకు పైన. సెక్స్ మొదలైన రోజుల్లో ఆ ఖర్చే లేదు. మగ పుట్టాక వచ్చిన బాధ అది. ఎందుకు మొదలైంది, ఎందుకు మానడం లేదు, రెండూ వేరు.

మానకపోవడానికి కొన్నిచోట్ల కారణం మరీ చప్పగా ఉంటుంది: మానే దారి లేదు. పాలిచ్చే జంతువుల్లో కొన్ని జన్యువులు తండ్రినుంచి వస్తేనే పనిచేస్తాయి, కొన్ని తల్లినుంచి వస్తేనే. అందుకే తండ్రి లేని పిండం పెరగదు. 2004లో జపాన్‌లో ఇద్దరు తల్లుల ఎలుకను పుట్టించడానికి జన్యువుల మీద ఉండే ఆ తల్లి, తండ్రి ముద్రలను జన్యుమార్పులతో తప్పించాల్సి వచ్చింది. మనలో మీ క్లోన్ ఆడది పోటీకి దిగితే కదా గెలిచేది!

ఒంటరి_లెక్క

కలిపేశాను, నిజమే. శీర్షిక మార్చే వీలు లేదు, అలాగే ఉండనివ్వండి. కానీ బల్లుల్లో, సొరచేపల్లో మానే దారి ఉందిగా. కొమొడో డ్రాగన్ కూడా మగ లేకుండా గుడ్లు పొదిగింది. నా రమ్మీ ప్రశ్న అక్కడ అలాగే ఉంది: ఆడిన ముక్కలు ఎందుకు విడగొట్టాలి?

చెత్తబుట్ట

ముక్కలు విడివిడిగా ఉన్నాయని మీరు అనుకుంటున్నారు. క్లోన్ చేతిలో అవి జిగురు పెట్టి అంటించి ఉంటాయి. 2016లో ఈస్ట్‌ను సుమారు వెయ్యి తరాలు పెంచి ప్రతి ఉత్పరివర్తననూ లెక్కపెట్టారు. సెక్స్ లేని గుంపుల్లో ఒక మంచి మార్పు పైకి వస్తే దాని భుజమ్మీద చెడ్డవీ ఎక్కి వచ్చేశాయి. రెండు మంచి మార్పులు వేర్వేరు వంశాల్లో పుడితే ఒకదాన్నొకటి తొక్కేసుకున్నాయి. సెక్స్ ఉన్న గుంపుల్లో మంచివి విడివడి నిలిచాయి, చెడ్డవి రాలిపోయాయి. లైంగిక గుంపులే తొందరగా సర్దుకున్నాయి. ఇది కోట్ల ఏళ్ళ కథ కాదు, ప్రయోగశాలలో లెక్కపెట్టిన తరాలు.

ఒంటరి_లెక్క

జిగురు మాట బాగుంది. ఇంతసేపట్లో నన్ను కదిలించింది ఇదొక్కటే. అయినా వెయ్యి తరాలు, నావి 20. నత్తలు మాత్రం 20లోనే అడ్డుకునేలా ఉన్నాయి. ముందు పరాన్నజీవి ఆపుతుంది, వెనకాల రాచెట్ వచ్చి పూడుస్తుంది అనుకోవచ్చా?

రాణిగారి_బంటు

చాలామంది అటే వస్తున్నారు. నాకు వాటా తగ్గినా సరే.

నాచు_మీద

సంధి చేసుకునే ముందు అమెజాన్ మోలీ చేపను చూడండి. అన్నీ ఆడవే. దగ్గరి జాతి మగ చేప శుక్రకణం తగిలితేనే అండం ఎదుగుతుంది, కానీ ఆ తండ్రి జన్యువులు పిల్లలకు అంటవు. వయసు దాదాపు లక్ష ఏళ్ళని అంచనా. రాచెట్ లెక్కల ప్రకారం ఈపాటికి కనుమరుగవ్వాలి. 2018లో దాని జన్యుపటం మొత్తం చదివారు. కుళ్ళిన గుర్తులు పెద్దగా లేవు.

చెత్తబుట్ట

అది రెండు జాతుల సంకరం. ప్రతి జన్యువుకూ రెండు వేర్వేరు ప్రతులుంటాయి, ఒకటి చెడినా రెండోది కాస్తుంది. చేపల సంఖ్యా ఎక్కువే, పెద్ద గుంపులో రాచెట్ నెమ్మదిగా తిరుగుతుంది. ఇది కొంతవరకే సరిపోతుందని నాకూ తెలుసు. లక్ష ఏళ్ళకు సరిపడా జవాబు మాత్రం నా దగ్గర లేదు.