జపాన్ యాత్రలో చివరి మూడు రోజులు: నలుగురం కలిసే తిరగాలా, విడివిడిగా తిరగవచ్చా?

గోపాల్‌పూర్ తీరం (బరంపురం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. బరంపురంలో కలిసి చదువుకున్న నలుగురు స్నేహితురాళ్లం ఈ నవంబరులో జపాన్ వెళ్తున్నాం. ఇద్దరం బరంపురంలోనే ఉంటాం; ఒకామె ఛత్రపురంలో, మరొకామె రాయగడలో ఉద్యోగం చేస్తున్నారు. నలుగురికీ ఒకేసారి సెలవు దొరికి, ఇంట్లో పిల్లలనూ పెద్దలనూ చూసుకునేవారు కుదరడానికి మాకు మూడేళ్లు పట్టింది. అందుకే ఒక్క పూట కూడా వృథా కాకూడదన్న పట్టుదల అందరిలోనూ ఉంది, అసలు చిక్కు కూడా అక్కడే వచ్చింది.

టోక్యో, కవాగుచి సరస్సు, క్యోటోల వరకు మాకు పేచీ లేదు. ఆ తరువాత చివరి మూడు రోజులు ఒసాకాలో ఒకే హోటల్లో ఉండి, నాలుగో రోజు ఉదయం 11 గంటలకు కాన్సాయ్ విమానాశ్రయంలో బయలుదేరి, సింగపూర్ మీదుగా విశాఖపట్నం చేరి, అక్కడి నుంచి రైలులో ఇళ్లకు వస్తాం. కార్తీక పౌర్ణమి వేకువన, చిన్న పడవలు నీటిలో వదిలే మా ఒడిశా పండుగ బోయిత బందాణకు నేను ఇంట్లో ఉండాలని మా అత్తగారి మాట, కనుక తేదీ జరపడానికి వీలు లేదు.

ఆ మూడు రోజులలో ఒకరు హిరోషిమా, దాని దగ్గరి మియాజిమా దీవి చూడకుండా తిరిగి రానంటున్నారు. ఇంకొకరు ఎర్రబడిన ఆకుల కోసం మళ్లీ క్యోటో వెళ్లాలంటున్నారు. మూడో ఆమెకు మోకాలి నొప్పి. అప్పటికి వారం రోజులు నడిచి ఉంటాం కాబట్టి ఒసాకాలో బజారు చూసుకుంటే చాలంటున్నారు. నాకు నారా చూడాలని ఉంది. ఉమ్మడి పర్సు నా చేతిలో ఉంది కాబట్టి ఎవరి మాట తీసేసినా నేనే చెడ్డదాన్నవుతాను. వీటన్నింటినీ ఏ వరుసలో పెట్టుకోవాలో వెళ్లివచ్చినవారు చెప్పగలరా?

ఇంకొక విషయం. మాలో ఒకామె కార్తీక నియమంలో ఉంటారు. ఒడియావారి కార్తీకం కుమార పౌర్ణమి (ఆశ్వయుజ పౌర్ణమి) మరునాడే మొదలవుతుంది, మనది దీపావళి అమావాస్య వెళ్లాక మొదలవుతుంది; రెండింటినీ పాటించే ఆమెకు నెల కాస్తా నెలన్నర అయి కూర్చుంది. చేపల దేశంలో ఆమె భోజనం సంగతి కూడా చెప్పండి.

పర్లాకిమిడి బాటసారి సమాధానం:

నమస్కారం అమ్మా. రెండేళ్ల క్రితం మేము అయిదుగురం మిత్రులం ఇదే విధంగా ఒసాకాలో యాత్ర ముగించాం కాబట్టి, చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను. చివరి పూర్తి రోజున ఉదయం నారా, మధ్యాహ్నం క్యోటో, సాయంత్రం ఒసాకాలోని దోతోన్‌బోరి బజారు అని రాసుకుని, అయిదుగురం ఒకరి వెనుక ఒకరం పరుగెత్తాం. తిరిగి వచ్చాక, కొన్న వస్తువులు దాచిన లాకరు ఏ స్టేషనులో ఉందో ఎవరికీ గుర్తు లేదు. అక్కడ ఒసాకా స్టేషనూ ఉమేదా స్టేషన్లూ ఆనుకునే ఉంటాయి. కంపెనీని బట్టి పేరు మారుతుంది, నేల కింద దారులన్నీ ఒకేలా కనిపిస్తాయి. గంటకు పైగా వెతికాం. ఆ గంటలో మేము అనుకున్న మాటలు, ఇరవై ఏళ్ల స్నేహంలో ఎన్నడూ అనుకోనివి. లాకరు తలుపునూ దాని పక్కనున్న దారి గుర్తునూ ఫోనులో ఫొటో తీసుకుని ఉంటే అంత దూరం వచ్చేది కాదు.

అందుచేత నా సలహా ఏమిటంటే, చివరి మూడు రోజులూ నలుగురూ ఒకే తాడు పట్టుకుని నడవాలన్న నియమం పెట్టుకోకండి. రాత్రి భోజనం ఎన్ని గంటలకు, ఎక్కడ అన్నది మాత్రం ఖాయం చేసుకుని, పగలు ఇద్దరిద్దరుగా విడిపోండి. వారం రోజులు ఒకే గదిలో ఉన్నవారికి ఒక పగలు ఎడం దొరికితే, రాత్రి చెప్పుకోవడానికి కబుర్లుంటాయి.

ఇక వరుస. హిరోషిమాను మూడింటిలో మొదటి రోజున పెట్టుకోండి, చివరి రోజున వద్దు. షిన్-ఒసాకా స్టేషను నుంచి షింకన్సెన్‌లో (బుల్లెట్ రైలులో) అది సుమారు గంటన్నర ప్రయాణం. స్టేషను నుంచి ట్రాములో శాంతి ఉద్యానవనానికి వెళ్లి మ్యూజియం చూసి, లోకల్ రైలులో మియాజిమాగుచి చేరి, పది నిమిషాల పడవ ప్రయాణంతో దీవికి వెళ్లి, తిరిగి ఒసాకా వచ్చేసరికి చీకటి పడుతుంది. ఇంత అలసటకు మరునాడు విశ్రాంతి ఉండాలే కాని విమానం ఉండకూడదు. ఒసాకా, క్యోటో, హిరోషిమాలు కలిపి తిరగడానికి పశ్చిమ జపాన్ రైల్వేవారు విదేశీ యాత్రికులకు అయిదు రోజుల పాస్ అమ్ముతారు. మియాజిమాకు వెళ్లే ఆ రైల్వే వారి పడవ, విమానాశ్రయానికి వెళ్లే హారుకా రైలు కూడా అందులోకే వస్తాయి. హిరోషిమా వెళ్లే ఇద్దరే అది కొనుక్కుంటే చాలు. దేశమంతా చెల్లే ఏడు రోజుల పాస్ జోలికి మాత్రం పోకండి. 2023 అక్టోబరులో దాని ధరను 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెంచారు, మీ ప్రయాణానికి అది గిట్టుబాటు కాదు.

రెండో రోజు క్యోటో కోరినవారు తెల్లవారుజామునే బయలుదేరాలి. నవంబరు రెండో సగంలో అక్కడి సిటీ బస్సులలో కాలు పెట్టే సందు ఉండదు కాబట్టి రైలునే నమ్ముకోండి. క్యోటో స్టేషను నుంచి నారా వైపు వెళ్లే జె.ఆర్. (జపాన్ రైల్వే) లైనులో మొదటి స్టేషను తోఫుకుజి, రెండోది ఇనారి. ఫుషిమి ఇనారి ఆలయానికి తలుపులు లేవు, టికెట్టు లేదు, రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. ఆరు గంటలకల్లా ఆ ఎర్ర తోరణాల కింద నడిచి, తోఫుకుజి ఆలయం తెరిచే వేళకు అక్కడికి వచ్చి ఆకులు చూసుకుంటే, జనం పోటెత్తే సమయానికి మీరు తిరుగు రైలులో ఉంటారు.

మూడో రోజు నారా, ఒసాకా బజారు తప్ప మరేమీ పెట్టుకోకండి. కాన్సాయ్ విమానాశ్రయం సముద్రంలో మట్టి పోసి కట్టిన దీవి మీద ఉంది, దానికి ఉన్నది ఒక్కటే వంతెన. 2018 సెప్టెంబరు 4న జెబి తుఫానులో కొట్టుకొచ్చిన ట్యాంకరు నౌక ఆ వంతెనను ఢీకొనడంతో వేలాది ప్రయాణికులు రాత్రంతా దీవి మీదే చిక్కుకుపోయారు. నవంబరులో అక్కడ తుఫానులు అరుదే. అయినా ఫైలిన్‌ను, తిత్లీని చూసిన మనకు, ప్రయాణం ముందు రోజున ఊరికి దూరంగా ఉండకూడదని వేరే చెప్పనక్కరలేదు కదా. ఒసాకాలో నంబా స్టేషను దగ్గర హోటల్ తీసుకోండి. నాన్‌కాయ్ రైలు నేరుగా విమానాశ్రయానికి వెళ్తుంది, ముప్పావుగంట ప్రయాణం. పదకొండు గంటల విమానానికి ఏడు దాటకుండా గది ఖాళీ చేయాలి.

జయపురం మాస్టారు సమాధానం:

మీలో నారా కోరినది మీరొక్కరే కాబట్టి, మోకాలి నొప్పి ఉన్న మీ స్నేహితురాలిని వెంట తీసుకువెళ్లడానికి రెండు మాటలు చెబుతాను. ఒసాకా-నంబా నుంచి కింతెత్సు రైలులో నలభై నిమిషాలలో కింతెత్సు-నారా చేరవచ్చు, జె.ఆర్. వారి నారా స్టేషను కంటే ఇదే జింకల ఉద్యానానికి దగ్గర. అక్కడి నుంచి తోదాయ్‌జి ఆలయం వరకు దారి దాదాపు సమంగా ఉంటుంది, నడుమ కూర్చోవడానికి చోటు కూడా దొరుకుతుంది. జింకలు తలవంచి బిస్కెట్లు అడుగుతాయి, ఇవ్వడం ఆలస్యమైతే చీర కొంగు పట్టుకుంటాయి. మీరు చుడీదార్లలో వెళ్లడం మంచిది.

తోదాయ్‌జిలోని కంచు బుద్ధుడు సుమారు 15 మీటర్ల ఎత్తు. 752లో ఆ విగ్రహానికి కనుపాపలు దిద్దే ఉత్సవం జరిగినప్పుడు కుంచె పట్టుకున్నది బోధిసేనుడనే భారతీయ భిక్షువు. ఆయన 736లో జపాన్ చేరాడు. కుంచెకు కట్టిన పొడవైన దారాలను సభలోని వారంతా పట్టుకుని, కన్ను తెరిపించిన పుణ్యంలో పాలు పంచుకున్నారట. బోయిత బందాణకు పడవలు వదిలే ఇంటివారు ఆ మందిరంలో నిలబడి, సముద్రం దాటి వెళ్లిన ఆ మనిషిని తలచుకోకుండా ఎలా ఉంటారు?

హిరోషిమా వెళ్లేవారికి ఒక్క మాట. మ్యూజియం ఉదయమే చూడండి, మియాజిమాకు తరువాత వెళ్లండి. 1945 ఆగస్టు 6 ఉదయం 8.15 దగ్గర ఆగిపోయిన గడియారాన్ని, పిల్లల కాలిన బట్టలను చూశాక మనసుకు కొంత నీరు, కొంత గాలి కావాలి. ఆ వరుస తిరగవేసి దీవి నుంచి నేరుగా మ్యూజియానికి వెళ్లిన మా బంధువులు రాత్రి భోజనం చేయలేకపోయారు. దీవిలోని ఇత్సుకుషిమా తోరణం పోటు సమయంలో నీటిలో తేలినట్టు ఉంటుంది, ఆటు సమయంలో దాని కాళ్ల దాకా నడిచి వెళ్లవచ్చు. వేళలు ముందే చూసుకోండి. వెళ్లేలోపు వీలైతే ఒకసారి భువనేశ్వర్ దగ్గరి ధౌళి కూడా చూసి వెళ్లమనండి. కళింగ యుద్ధం జరిగిన నేల మీద శాంతి స్తూపం కట్టడానికి జపాన్ భిక్షువులు ఎందుకు అంత దూరం వచ్చారన్నది హిరోషిమాలో నిలబడినప్పుడు తెలుస్తుంది.

గోపాల్‌పూర్ తీరం:

మాస్టారికీ, పర్లాకిమిడి బాటసారి గారికీ కృతజ్ఞతలు. మోకాలి నొప్పి ఆమెకు జింకల సంగతి చదివి వినిపించాను, నారాకు ఒప్పుకున్నారు. ఇక కార్తీక భోజనం, సామాను సంగతులు మిగిలాయి.

రాయగడ రైల్వే కాలనీ సమాధానం:

మా ఇంట్లోనూ కార్తీకం గట్టిగానే పాటిస్తారు కాబట్టి భోజనం సంగతి నాకు అనుభవమే. అక్కడ చిక్కు కంటికి కనిపించే చేపతో కాదు, కనిపించని చేపతో. దాషి అనే కషాయాన్ని చాలావరకు ఎండబెట్టిన చేప పొరలతో కాచి, పులుసులోనూ నూడుల్స్‌లోనూ కూరగాయల ముక్కల్లోనూ పోస్తారు. మాంసం లేదన్న హామీ చాలదు. మాంసం, చేప, చేప దాషి మూడూ వద్దని జపనీస్‌లో రాయించుకున్న చీటీ చూపించాలి. క్యోటోలో బౌద్ధ మఠాల పద్ధతిలో వండే షోజిన్ భోజనానికి సముద్రపు నాచు, పుట్టగొడుగులతో కాచిన రసమే వాడతారు, ధర మాత్రం ఎక్కువ. మిగతా పూటలకు మేము కన్వీనియన్స్ స్టోరులో దొరికే, వండి సీలు వేసిన తెల్లన్నం కొని, అక్కడి మైక్రోవేవ్‌లో వేడి చేయించుకుని, బరంపురం నుంచి తీసుకెళ్లిన ఊరగాయ కలుపుకుని తిన్నాం. ఎన్ని చెప్పినా, పదో రోజున ఆ ముద్ద తిన్నాకే ప్రాణం లేచివచ్చింది.

తిరిగి తెచ్చేవాటిలో క్యోటో యాత్సుహాషి మన పూర్ణం కుడుముకు చుట్టం, బియ్యప్పిండి పొరలో తీపి చిక్కుడుగింజల ముద్ద పెడతారు. పచ్చి రకం ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి చివరి రోజునే కొనండి. మిసో (పులియబెట్టిన సోయా) ముద్దను చేతి సంచిలో పెడితే ద్రవపదార్థం కింద లెక్కగట్టి తీసేస్తారు, కత్తుల సంగతి చెప్పనే అక్కరలేదు. రెండూ పెద్ద పెట్టెలోకే. పవర్ బ్యాంకులు మాత్రం పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉంచాలి. 2025 జులై నుంచి జపాన్ విమానాలలో వాటిని తల పైని అరలో పెట్టవద్దని, కంటికి కనిపించేలా దగ్గర ఉంచుకోమని చెబుతున్నారు.

పెద్ద పెట్టెలను టోక్యో హోటలు నుంచి ఒసాకా హోటలుకు తక్యుబిన్ అనే పార్సిల్ సర్వీసులో పంపేయండి, హోటలు కౌంటరులోనే తీసుకుంటారు. షింకన్సెన్‌లో మీ వెంటే తీసుకువెళ్లదలిస్తే, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు ముందుగా ప్రత్యేక సీటు రిజర్వు చేసుకోవాలి. పన్ను మినహాయింపు పద్ధతి కూడా 2026 నవంబరు 1 నుంచి మారేలా చట్టం చేశారు: దుకాణంలో పన్నుతో సహా చెల్లించి, విమానాశ్రయంలో కస్టమ్స్ తనిఖీ అయ్యాక ఆ సొమ్ము వెనక్కి పొందాలి. ఆ తేదీ తరువాత వెళ్తున్నారంటే, ఎక్కువ ఖరీదైన వస్తువులు పెట్టె అడుగున సర్దకండి, ఏడు గంటలకు కాక ఆరున్నరకే హోటలు వదలండి.

గోపాల్‌పూర్ తీరం:

నలుగురం మాట్లాడుకున్నాం. మొదటి రోజు ఇద్దరు హిరోషిమాకు, ఇద్దరం ఒసాకా కోట చుట్టుపక్కలకు. రెండో రోజు క్యోటో కోరినవారు క్యోటోకు, మిగిలినవారు గదిలో విశ్రాంతికి. మూడో రోజు నలుగురం నారాకు. ఉమ్మడి పర్సు లెక్క మూడో రాత్రి భోజనం దగ్గర తేలుస్తానని చెప్పాను. టోక్యోలో కొన్న సుయికా కార్డులను (డబ్బు వేసుకుని వాడే రైలు కార్డులు) ఒసాకాలో వెనక్కి ఇచ్చేయవచ్చా అన్నదొక్కటే మిగిలింది.

పర్లాకిమిడి బాటసారి:

ఇవ్వడం కుదరదమ్మా, అవి తూర్పు జపాన్ రైల్వే వారివి, ఒసాకాలో ఉన్నది పశ్చిమ జపాన్ వారు. వాడడానికి మాత్రం ఒసాకాలోనూ నారాలోనూ చెల్లుతాయి. కనుక చివరి రోజుల్లో కొద్దికొద్దిగానే డబ్బు వేసుకోండి, మిగిలినది విమానాశ్రయంలోని దుకాణంలో ఖర్చు పెట్టేయండి. నాణేలను మన ఊళ్లో ఎవరూ మార్చి ఇవ్వరు, ముందు వాటినే వదిలించుకోండి. కార్డులను పారేయకండి, చివరిసారి వాడిన నాటి నుంచి పదేళ్ల వరకు పనిచేస్తాయి.