పదహారేళ్ల పిల్లకు ‘ఎ’ సినిమా: తేల్చాల్సింది ఇంట్లోనా, గేటు దగ్గరా?

నాలుగో వరుస:
పోయిన ఆదివారం మా అమ్మాయితో మ్యాట్నీకి వెళ్లాను. ఇంటర్ మొదటి సంవత్సరం, 16 ఏళ్లు. గేటు దగ్గర ఆధార్ అడిగి, ‘ఎ’ సినిమా కాబట్టి 18 నిండాల్సిందేనని వెనక్కి పంపేశారు. టికెట్లు కొనేటప్పుడు ఫోనులో ఏదో హెచ్చరిక వచ్చింది, నిజమే. చదవకుండా ‘సరే’ నొక్కేశాను. నా పిల్ల ఏం చూడగలదో నాకు తెలియదా? నాలుగు వారాలు పోతే ఇదే సినిమా ఓటీటీలో వస్తుంది. అప్పుడు తన గదిలో తలుపేసుకుని ఒక్కతే చూస్తుంది. నా పక్కన కూర్చుని చూస్తే తప్పు, ఒంటరిగా చూస్తే ఒప్పా?

గేటు మనిషి:
కోపం మా మీద ఎందుకండీ? 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం ‘ఎ’ సినిమాకు మైనర్లను రానిస్తే శిక్ష థియేటరుకు: మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పదహారేళ్ల పిల్ల పక్కన కన్నతండ్రి ఉన్నా మినహాయింపు లేదు. ఇక మేము చూసే వేషాలా! పిల్లకు చీర కట్టి, పెద్ద బొట్టు పెట్టి తెస్తారు. మొన్న ఒకాయన మీసం మొలవని కొడుక్కి హెల్మెట్ తొడిగి లోపలికి నడిపించబోయాడు.

కత్తెర పెట్టె:
నేను పదేళ్లు ఎడిటింగ్ గదిలో పనిచేశాను. ‘ఎ’ అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. ముందు సెన్సార్ బోర్డు ఎగ్జామినింగ్ కమిటీ చూస్తుంది: సలహా మండలి సభ్యులు నలుగురు, బోర్డు అధికారి ఒకరు. 1991 నాటి మార్గదర్శకాలు సినిమాను మొత్తంగా, అది కలిగించే ప్రభావాన్ని బట్టి చూడమంటాయి. తీరా మాకు వచ్చేది మాత్రం సెకన్ల లెక్క. ఇవి తీస్తే యు/ఎ, అంటే పిల్లలకు చూపాలో లేదో పెద్దలే తేల్చుకునేది; ఉంచితే ‘ఎ’. నచ్చకపోతే మళ్లీ చూడటానికి రివైజింగ్ కమిటీ ఉంది. ఆ పైన ట్రిబ్యునల్ ఉండేది, 2021లో రద్దయింది. ఇప్పుడు హైకోర్టే. ‘కూలీ’ నిర్మాతలు యు/ఎ కోసం 2025లో మద్రాసు హైకోర్టుకెక్కి ఓడిపోయారు.

నేను చేసిన ఒక సినిమాలో తల తెగే షాటు 12 సెకన్లు. ఎనిమిది తీసేశాం, మిగిలిన నాలుగింటిలో రక్తాన్ని నల్లగా మార్చాం, ఒక బూతుమాట మ్యూట్ చేశాం. యు/ఎ వచ్చేసింది. తల మాత్రం అలాగే తెగింది. నిర్మాత ఎందుకు ఒప్పుకున్నాడంటారా? ‘ఎ’ ముద్ర ఉన్న సినిమాను టీవీలో వేయనివ్వరు. కుటుంబాలూ రావు. పిల్లల మీద బెంగతో కత్తెర పట్టిన నిర్మాతను నేనైతే చూడలేదు.

పంతులమ్మ:
కత్తెర పెట్టె గారు చెప్పిన ఆ నాలుగు సెకన్లు ఎవరు చూస్తున్నారో నేను చెబుతాను. ‘యు/ఎ 16+’ సినిమాకు సెకండ్ షోకు వెళితే నా పక్క సీట్లో ఐదేళ్ల పిల్లవాడు. ఇంటర్వెల్ ముందు ఫైటుకు వాడు రెండు చెవులూ మూసుకుని తల్లి కొంగులో తల దూర్చాడు. తండ్రి వాడి చేతిలో పాప్‌కార్న్ పెట్టి, కళ్లు తెర మీద నుంచి తిప్పలేదు. పాత యు/ఎను 2023 సవరణతో 7+, 13+, 16+ అని మూడుగా చీల్చారు, బాగానే ఉంది. కానీ ఆ అంకెలు తల్లిదండ్రులకు సలహా మాత్రమే, గేటులో ఎవరూ ఆపడానికి లేదు. నాలుగో వరుస గారూ, మీ పిల్లను ఆపినందుకు నాకు బాధ లేదు. ఆ ఐదేళ్లవాణ్ణి ఆపనందుకే బాధ.

నాలుగో వరుస:
అమ్మా, ఆ తండ్రి తప్పుకు నాకు శిక్షా? ఈ చట్టం లెక్కన ఐదేళ్లవాడికి సలహా చాలింది, పదహారేళ్ల పిల్లకు నిషేధం కావాల్సి వచ్చింది. నేనడిగేది ఒక్కటే: 16 దాటినవాళ్లను పెద్దవాళ్లతో ‘ఎ’కు రానివ్వండి, 16+ ఉన్నచోట చిన్నపిల్లలను గట్టిగా ఆపండి.

పంతులమ్మ:
రెండోదానికి చేతులెత్తి ఒప్పుకుంటాను. మొదటిదానికి ఒప్పుకోను. ఆ గీత ఎక్కడో ఒకచోట ఉండాలి, ఓటుకు 18 ఉన్నట్టే.

గేటు మనిషి:
మీరిద్దరూ కలిసి ఆ 16+ కూడా మా నెత్తిన పెట్టేలా ఉన్నారు! ఐదేళ్లవాడిని ఆపితే వాడి తాత, మేనమామ, వెనకే ఎమ్మెల్యే ఫోనూ వస్తాయి.

నాలుగో వరుస:
అది సరే, నా టికెట్ల డబ్బు సంగతి?

గేటు మనిషి:
‘సరే’ నొక్కింది మీరే కదండీ.