నవల తిరగరాస్తుంటే అధ్యాయాలకు అతుకు ఎట్ల కుదురుతది?

మట్టెవాడ_రాత:
అందరికీ నమస్తే. పరకాల దిక్కు ఒక పత్తి రైతు కుటుంబం మీద నవల ఇది. 24 అధ్యాయాలు, 310 పేజీలు, కథాకాలం 2014 నుంచి 2018 దాకా. చదివిన ముగ్గురిదీ ఒకటే మాట: ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం మంచిగున్నది కని, కలిపి చదివితే కథల సంపుటి లెక్కున్నదట. 7వ దాంట్ల అన్నదమ్ములు భూమి పంపకం కాడ కొట్లాడుకుంటరు. 8 మేడారం జాతర. 9ల బిడ్డ హన్మకొండ హాస్టల్ల చేరుతది. అధ్యాయాల మొదట్ల "ఆ గొడవైన నెలకు" లాంటి వాక్యాలు పెట్టి చూసినా అతకలేదు. ఎక్కడ మొదలుపెట్టాలె?

చెరువుకట్ట:
ఆ వాక్యాలన్నీ తీసెయ్యండి. వాటితోటి ఎంత కాలం గడిచిందో తెలుస్తది, అంతే. 7ల జరిగిన దానికి 8ల ఎవరన్నా మూల్యం కట్టాలె, అప్పుడే అతుకుతది.

ఒక పెద్ద కాగితం మీద 24 అడ్డవరుసలు గీసి, ఒక్కోదాంట్ల మూడు గళ్లు పెట్టుకోండి. ఏం జరిగింది? అధ్యాయం ముగిసేసరికి ఎవరికి ఏం మారింది? ఆ మార్పు మళ్ల ఏ అధ్యాయంల పనికొచ్చింది? యాదిల ఉన్నది రాయకండి, ప్రింటు తీసి పేజీల ఉన్నదే రాయండి. మనం రాద్దామనుకున్నదీ, రాసినం అనుకున్నదీ చాలాసార్లు పేజీల ఉండదు. తర్వాత వరుసకూ వరుసకూ మధ్యల "అందుకే" గని "కని" గని పెట్టి చదవండి. "ఇగ ఆ తర్వాత" తప్ప ఇంకోటి పట్టకపోతే అతుకు ఊడింది అక్కడనే. పుస్తకం మొత్తంల అసొంటివి రెండు మూడుంటే నష్టం లేదు, చదివేటోళ్లకు ఊపిరి తీసుకునే జాగ అయితది. వరుసగ నాలుగైదు పడితే మాత్రం అధ్యాయాల వరుస మార్చాలె, లేకుంటే రెండిటిని ఒకటి చెయ్యాలె.

మీ 7, 8 సంగతే తీసుకుందాం. ప్రతి జాతరకు ఒకటే ట్రాక్టర్ మీద పోయే ఇల్లు, ఈసారి రెండు బండ్లు కట్టింది. నిలువెత్తు బంగారం (మనిషి బరువుకు సరితూగే బెల్లం) మొక్కు పెద్దమనిషిది. మరి ఆ బెల్లం ఏ కొడుకు కొనాలె? తల్లి ఏ బండి ఎక్కాలె? ఆమె మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగిన కాడ 8 మొదలుపెడితే గొడవ మాట ఎత్తే అవసరమే రాదు.

మిర్చియార్డు:
పైన చెప్పింది అయినంక పంచాంగం పెట్టుకోని కూసోండి. అధ్యాయాలు విడివిడిగ రాసినప్పుడు ఎక్కువ తప్పిపోయేది కాలమే. మేడారం పెద్ద జాతర రెండేండ్లకోసారి, మాఘమాసంల, బుధవారం నుంచి శనివారం దాకా. మీ కథాకాలంల 2014, 2016, 2018ల వచ్చింది. 8వ అధ్యాయం 2015ల పడితే అది మినీ జాతరే, ఆ జనం ఉండరు. 2016ది ఫిబ్రవరి 17 నుంచి 20. అప్పటికి పత్తి ఏరుడు చాలావరకు అయిపోయి ఉంటది. దారిపొంటి చేను నిండ తెల్లగ పగిలిన పత్తి చూపిస్తే ఇక్కడి రైతు పుస్తకం మూస్తడు.

ఇంకో రెండు. కొత్త జిల్లాలు 2016 అక్టోబర్ 11న వచ్చినయి, అంతకుముందు సీన్ల పరకాలను వరంగల్ రూరల్ జిల్లా అనిపించొద్దు. పెద్ద నోట్ల రద్దు 2016 నవంబర్ 8, సరిగ్గ పత్తి అమ్ముకునే రోజులు. ఆ సీజన్ మీ నవలల ఉండి పైసల ఇబ్బంది ఒక్కరికీ రాకపోతే పెద్ద వెలితి. కౌలు పైసలు, హాస్టల్ ఫీజు అక్కడ ఆగితే మీ 9వ అధ్యాయానికి ఒక కారణం దొరుకుతది.

పోచమ్మమైదాన్:
భాష సంగతి ఎవరూ అనలేదు. 3వ అధ్యాయంల "బాపు", 12ల "నాన్న", 20ల "నాయిన" అంటే ముగ్గురు మనుషులైతరు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తరో ఒక జాబితా రాసుకోండి. "పోయిండు", "పోయాడు" సంగతీ అంతే. కథనానికి ఏది, మాటలకు ఏది అన్నది ముందే ఖాయం చేసుకోవాలె.

మార్చేటప్పుడు అన్నీ ఒకటేసారి మార్చే బటన్ నొక్కకండి. "నాన్న"ను "బాపు" చేస్తే నాన్నమ్మ కాస్త "బాపుమ్మ" అయితది. ఒక్కోటి చూసుకుంటనే మార్చాలె. అను ఫాంట్లల కొట్టిన ఫైలైతే ముందు యూనికోడ్‌కు మార్చుకోండి, లేకుంటే వెతికినా మాట దొరకదు.

మట్టెవాడ_రాత:
చాలా థాంక్స్. గళ్లు నింపిన. 5, 9, 14, 15 అధ్యాయాలకు మూడో గడి ఖాళీ. 14, 15 పక్కపక్కనే ఉన్నయి. తీసెయ్యాల్నా?

చెరువుకట్ట:
అప్పుడే వద్దు. ఒక్కోదాంట్ల మళ్ల ఎక్కడా రాని సంగతి ఏమున్నదో చూడండి. అది అరపేజీల పట్టేదైతే పక్క అధ్యాయంల కలిపి మిగిలింది వేరే ఫైల్ల దాచండి. 14, 15ల ఉన్నది ఒకరి బాధే అయితే రెండూ ఒకటి చెయ్యండి. 9కి మిర్చియార్డు అన్న కారణం చెప్పిండు, కని అందుకు దాన్ని నోట్ల రద్దు తర్వాతికి జరపాలె. జరిపినంక 10, 11ల ఆ పిల్ల ఇంట్ల కనపడుతున్నదా చూసుకోండి. హాస్టల్ల ఉన్న పిల్ల వంటింట్ల గిన్నెలు కడిగే తప్పు సరిగ్గ ఇక్కడనే దొర్లుతది.